‘షీ’ అంటే ఎవరు? ఓఈటీ రైటింగ్‌లో నా అనుభవం

బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావడానికి నేను ఓఈటీ రాశాను. ఇది వైద్య రంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష. రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 350 రావాలి, రైటింగ్‌లో 300 వచ్చినా చాలు. మొదటిసారి ఆ మూడూ గట్టెక్కాయి, రైటింగ్ 280 దగ్గర ఆగిపోయింది. స్పెల్లింగులు, టెన్సులు అన్నీ చూసుకునే రాశాను. తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కాక రెండు రోజులు అన్నం సహించలేదు.

రైటింగ్‌లో ఉండేది ఒకటే పని. పేషెంట్ కేస్ నోట్స్ ఇస్తారు. 5 నిమిషాలు చదువుకుని, 40 నిమిషాల్లో వేరే డాక్టరుకో నర్సుకో 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయాలి. ప్రాక్టీసుగా రాసిన ఒక ఉత్తరాన్ని ఆన్‌లైన్ క్లాసులో మేడమ్‌కి చూపించాను. ఆవిడ రెండో పేరా దగ్గర ఆగారు. అక్కడ ఇలా ఉంది: ‘మిసెస్ బ్రౌన్ కేమ్ విత్ హర్ డాటర్. షీ ఈజ్ అలర్జిక్ టు పెనిసిలిన్.’

“పెనిసిలిన్ పడనిది ఎవరికమ్మా?” అని అడిగారు.

“పేషెంట్‌కే కదా మేడమ్.”

“కేస్ నోట్స్ చదివావు కాబట్టి నీకు తెలుసు. ఉత్తరం అందుకునే డాక్టరు అవి చూడలేదు. తల్లికా, కూతురికా? ఆయనకి ఎలా తెలుస్తుంది?”

ఒక్కసారిగా చెమటలు పట్టాయి. పెనిసిలిన్ పడని మనిషికి ఆ ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుందో వార్డులో పనిచేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ‘షీ’ లాంటి సర్వనామం ఏ నామవాచకం బదులు వచ్చిందో దాన్ని యాంటిసిడెంట్ అంటారని అప్పటికే బట్టీ పట్టి ఉన్నాను. కానీ అది ఇంత పెద్ద విషయమని ఆ రోజే తెలిసింది.

ఆ రాత్రి డ్యూటీలో మేము మాట్లాడుకునే తీరు గమనించాను. “రాత్రి జ్వరం వచ్చింది, వాళ్ళమ్మకి చెప్పాను, బాగా భయపడుతోంది” అంటాం. భయపడేది ఎవరు? మంచం పక్కనే నిలబడి చెబుతాం కాబట్టి ఒక చూపుతోనే తెలిసిపోతుంది. ఉత్తరంలో ఆ చూపు ఉండదు.

పైగా తెలుగు మనకి చాలా సాయం చేస్తుంది. ‘సుజాత వాళ్ళమ్మకి తన రిపోర్టులు ఇచ్చింది’ అంటే రిపోర్టులు సుజాతవే. ‘తన’ అనే చిన్న మాట ఆ పని చేసేసింది. ఇంగ్లీషులో ‘హర్ రిపోర్ట్స్’ అంటే అవి కూతురివీ కావచ్చు, తల్లివీ కావచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. తల్లిని ‘ఆవిడ’ అని, కూతురిని ‘ఆ అమ్మాయి’ అని మర్యాద తేడాతోనే మనం మనుషుల్ని విడదీస్తాం. ఇంగ్లీషులో డెబ్బై ఏళ్ళ పేషెంటూ ‘షీ’నే, ఆమె ఇరవై ఏళ్ళ మనవరాలూ ‘షీ’నే. నాకు ఇది తట్టాక గానీ నా తప్పు ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. నేను తెలుగులో ఆలోచిస్తూ, తెలుగు చేసే సాయం ఇంగ్లీషు కూడా చేస్తుందని నమ్మాను.

మేడమ్ ఒక పద్ధతి చెప్పారు. ఉత్తరం పూర్తయ్యాక ప్రతి సర్వనామానికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అది ఎవరి గురించో వాళ్ళ పేరు దాకా బాణం గీయాలి. నా పాత ఉత్తరంలో పద్నాలుగు సున్నాలు వచ్చాయి. అయిదింటికి బాణం రెండు వైపులకీ వెళ్ళింది. ‘ది డ్రెస్సింగ్ వాజ్ రిమూవ్డ్ ఫ్రమ్ ది వూండ్ అండ్ ఇట్ వాజ్ క్లీన్డ్’ అని ఒకచోట రాశాను. శుభ్రం చేసింది పుండునా, కట్టునా? ఇంకోచోట, రెండు డోసులు మానేసింది, బాత్రూమ్‌లో పడిపోయింది అని రాసి, తర్వాతి వాక్యం ‘దిస్’ అని మొదలుపెట్టాను. ఆ ‘దిస్’ మందులు మానడమా, పడిపోవడమా? ‘దిస్ ఫాల్’ అంటే సరిపోయేది.

భయంతో తర్వాతి ఉత్తరం నిండా మిసెస్ బ్రౌన్, మిసెస్ బ్రౌన్ అని రాసుకుంటూ పోయాను. అది చదవడానికి మరీ మొరటుగా ఉంది. చివరికి నాకు కుదిరింది ఇది: ప్రతి పేరా పేరుతో మొదలుపెట్టడం, ఇంకో ఆడమనిషి రానంతవరకూ ‘షీ’ వాడటం, వచ్చిన మరుక్షణం మళ్ళీ పేరు రాయడం.

‘ది పేషెంట్ షుడ్ టేక్ దెయిర్ టాబ్లెట్స్’ లాంటి వాక్యం చూస్తే మాత్రం మొదట్లో తప్పనుకుని కొట్టేసేదాన్ని. స్కూల్లో ‘హిజ్ ఆర్ హర్’ అనే నేర్పారు మరి. ఒక్కరి గురించే ‘దె’ అనడం ఇంగ్లీషులో వందల ఏళ్ళుగా ఉంది. పరిశోధన వ్యాసాలు రాసేవాళ్ళు అనుసరించే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైల్ మాన్యువల్, 2019లో వచ్చిన ఏడో కూర్పులో, దాన్ని ఒప్పుకుంది కూడా.

రెండు నెలలు, నైట్ డ్యూటీ విరామాల్లో, ముప్పైకి పైగా ఉత్తరాలకి బాణాలు గీశాను. రెండోసారి పరీక్షలో ఆఖరి నాలుగు నిమిషాలు అందుకే అట్టిపెట్టుకున్నాను. చేతిలో ఎర్ర పెన్ను లేదు, వేలితోనే ఒక్కో సర్వనామం దగ్గర ఆగి వెనక్కి వెళ్ళాను. మూడో పేరాలో ఒక ‘షీ’ పేషెంట్‌ని వదిలి కోడలి దగ్గరికి వెళ్తోంది. కొట్టేసి, పైన పేషెంట్ పేరు రాశాను. రైటింగ్‌లో 350 వచ్చింది.