ఈస్టర్ ఉదయానికి ఎనిమిది బన్నులు: మూడు విడతల నమోదు

ఈసారి ఈస్టర్‌కు ఇంట్లో మా అమ్మ, నేను ఇద్దరమే ఉంటామని ముందే తెలిసిపోవడంతో పెద్ద విందు ఆలోచన మానుకొని, సిలువ గుర్తు వేసే హాట్ క్రాస్ బన్నులు, రంగు గుడ్లు, చిన్న కోడి రోస్టు, ఇంతవరకే వండాలని నిర్ణయించుకున్నాను. ఈ బన్నులు సంప్రదాయంగా గుడ్ ఫ్రైడే నాటివే అయినా, ఆ రోజు మేము ఉపవాసం ఉంటాం కనుక వాటిని ఆదివారం ఉదయానికి పెట్టుకున్నాం. నా పట్టుదల ఒక్కటే: ఆదివారం ప్రార్థనకు కూర్చునే వేళకు పిండి కలిపే పని, తూచే పని ఏదీ మిగిలి ఉండకూడదు, అయినా బన్నులు మాత్రం ఓవెన్ నుంచి వేడివేడిగా బల్ల మీదికి రావాలి. దానికోసం పండుగకు మూడు వారాల ముందు నుంచి మూడు విడతలుగా చేసి చూసి, ప్రతిసారీ కొలతలూ సమయాలూ రాసిపెట్టుకున్నాను.

మొదటి విడత, మూడు వారాల ముందు

తూకం ఇది: 300 గ్రాముల మైదా, 150 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, చక్కెర, వెన్న చెరి 40 గ్రాములు, 5 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 90 గ్రాముల ఎండుద్రాక్ష, రెండు చిన్న చెంచాల దాల్చినచెక్క పొడి, అర చెంచా జాజికాయ పొడి, చిటికెడు లవంగాల పొడి, ఒక నారింజ తొక్క తురుము. వీటన్నిటినీ ఒకే గిన్నెలో వేసి, ఫ్రిజ్‌లో నుంచి తీసిన పాలను అలాగే పోసి కలిపాను. గంటన్నర ఆగి ఉండలు చేసి, మరో ముప్పావు గంట ఉంచి ఓవెన్‌లో పెట్టాను. బన్నులు పైకి లేవలేదు. కోసి చూస్తే మధ్య భాగం బిగుసుకొని, వేలితో నొక్కితే నొక్కిన చోటే గుంట పడి ఉండిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచిస్తే మూడు కారణాలు కనిపించాయి. చల్లటి పాలలో ఈస్ట్ చాలా నెమ్మదిగా పని చేస్తుంది. చక్కెర నీటిని తనవైపు లాక్కోవడం వల్ల ఈస్ట్‌కు అందే తేమ తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా దాల్చినచెక్కకు సూక్ష్మజీవులను అణిచే గుణం ఉంది, ఈస్ట్ కూడా సూక్ష్మజీవే కాబట్టి ఆ ప్రభావం దాని మీదా పడుతుంది. అలాగని మసాలా తగ్గించడానికి నాకు మనసొప్పలేదు. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలంలో, 1592లో, మసాలా బన్నులను గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, అంత్యక్రియల సందర్భాలలో తప్ప అమ్మరాదని లండన్‌లో ఉత్తర్వు వెలువడిందంటే, ఆ సువాసనకూ ఈ రోజులకూ ఉన్న ముడి ఎంత పాతదో అర్థమవుతుంది. అందుకే దాల్చినచెక్కను ఒక చెంచాకు తగ్గించి, ఆ లోటును నారింజ తురుముతోనూ జాజికాయతోనూ పూడ్చాలనీ, ఈస్ట్‌కు మరింత సమయం ఇవ్వాలనీ అనుకున్నాను.

రెండో విడత, రెండు వారాల ముందు

పాలను గోరువెచ్చగా, 35 డిగ్రీల దగ్గర ఉంచి పోశాను. వెన్నను మొదట్లో వేయకుండా, పిండిని ఎనిమిది నిమిషాలు మర్దన చేసి సాగుడు వచ్చిన తర్వాతే కొంచెం కొంచెంగా కలిపాను. వెన్న వేయగానే ముద్ద విడిపోయి గిన్నె నిండా జిడ్డుగా జారుతుంది. అది చూసి కంగారుపడి పొడి పిండి చల్లితే బన్నులు గట్టిపడతాయి. ఓపికగా మరో ఐదు నిమిషాలు పిసికితే అదే ముద్ద మళ్లీ కలిసిపోయి, నున్నగా, అంచులు వదిలేసి చేతిలోకి వస్తుంది. చిన్న ముక్క తీసుకొని రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీసి కిటికీ వైపు పట్టుకున్నాను. పొర చిరగకుండా పలచబడి, వెలుతురు దానిలోంచి బయటికి వచ్చింది, ఆ వెలుతురులో దాల్చినచెక్క నలుసులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించాయి. మర్దన చాలిందనడానికి నాకు ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

ఎండుద్రాక్షను పది నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి, గుడ్డతో తడి పూర్తిగా అద్ది, మర్దన అంతా అయ్యాకే కలిపాను. నానబెట్టకపోతే అవి పిండిలోని తేమను పీల్చుకుంటాయి. ఉండలు చేసేటప్పుడు పైకి తేలిన ద్రాక్షను లోపలికి నొక్కాలి, లేకపోతే ఓవెన్‌లో అవి మాడి చేదెక్కుతాయి.

ఈసారి బన్నులు మెత్తగా వచ్చాయి, కాని సిలువ చెడింది. 40 గ్రాముల మైదాలో 55 మిల్లీలీటర్ల నీళ్లు పోయడంతో ఆ జావ బన్నుల పక్కలకు కారిపోయి గుర్తు చెదిరిపోయింది. మిగిలిన బన్నులు మర్నాటికే పొడిబారడం రెండో లోపం. ఇద్దరమే ఉన్న ఇంట్లో ఎనిమిది బన్నులు ఒక్క రోజులో తినలేం కాబట్టి ఇది నాకు సిలువ కంటే పెద్ద సమస్యగా తోచింది.

మూడో విడత, ఈస్టర్ ముందటి శనివారం

ఆ సమస్యకు సమాధానం ఉడికించిన పిండి. మొత్తం 300 గ్రాముల మైదాలోంచి 20 గ్రాములు తీసి, 100 మిల్లీలీటర్ల పాలలో కలిపి, సన్నని మంట మీద గరిటె ఆపకుండా 65 డిగ్రీల వరకు వేడి చేశాను. గరిటె లాగినప్పుడు గిన్నె అడుగున గీత నిలిచి ఉంటే చాలు, థర్మామీటర్ లేకపోయినా ఆ గీతే గుర్తు. పిండిలోని గంజి పదార్థం ఉడికి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది కనుక బన్నులు రెండో రోజుకు కూడా ఎండిపోవు. ఆ ముద్ద చల్లారాక మిగిలిన పాలు 80 మిల్లీలీటర్లు, అంటే మొత్తం 180, పోసి తక్కినదంతా రెండో విడతలాగే చేశాను.

గడియారాన్ని నమ్మడం ఈసారి మానేశాను. ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు, వంటగది వేడి ఏటేటా ఒకేలా ఉండదు. పోయినేడు గంటలో పొంగిన పిండికి ఈ ఏడు రెండు గంటలు పట్టవచ్చు. నా వంటగది ఆ సాయంత్రం 24 డిగ్రీలు ఉంది, ముద్ద రెట్టింపు కావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. దానిని 88 గ్రాముల చొప్పున ఎనిమిది ఉండలుగా తూచి, ట్రేలో వేలెడంత ఎడంతో పేర్చి, పైన బిగుతుగా కప్పి రాత్రి తొమ్మిదిన్నరకు ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ చలిలో ఈస్ట్ దాదాపు నిద్రపోతుంది, రుచి మాత్రం రాత్రంతా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది.

గుడ్ల పని శనివారం మధ్యాహ్నమే ముగించాను. పది ఉల్లిపాయల పొట్టును లీటరు నీళ్లలో అరగంట మరిగించి, వడకట్టి, రెండు పెద్ద చెంచాల వెనిగర్ పోసి, ఆ నీళ్లలోనే ఆరు తెల్ల గుడ్లను 12 నిమిషాలు సన్నగా ఉడికించాను. గుడ్డు మీద చిన్న ఆకును పరిచి, పలచటి గుడ్డతో బిగించి కట్టి ఉడికిస్తే ఇటుక రంగు నడుమ ఆకు ఆకారం తెల్లగా మిగులుతుంది. రెండు గుడ్ల మీద ఆకు జారిపోయింది, నాలుగింటి మీద ఈనెలతో సహా నిలిచింది. ఉడికిన వెంటనే చన్నీళ్లలో వేయడం వల్ల పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం రాలేదు. వారం పాతవైన గుడ్లు కావడంతో పెంకు కూడా సులువుగా ఊడింది. నిద్రపోయే ముందు 1.3 కిలోల కోడికి 15 గ్రాముల ఉప్పు లోపలా బయటా రాసి, చర్మం ఆరేలా మూత లేకుండా ఫ్రిజ్ కింది అరలో ఉంచాను.

ఆదివారం

ఉదయం ఆరింటికి ట్రే బయట పెట్టాను. బన్నులు తెల్లారేసరికి ఒకదానికొకటి దాదాపు తగిలేంతగా పెరిగాయి. గంటంబావు తర్వాత వేలి కొనతో నొక్కితే గుంట మెల్లగా సగం వరకే పూడింది, ఓవెన్‌కు సిద్ధమైనట్టే. ఈసారి 40 గ్రాముల మైదాకు 42 మిల్లీలీటర్ల నీళ్లే కలిపి, మూల కత్తిరించిన చిన్న కవరుతో సిలువ గీశాను. పేస్టు ఎక్కడా కారలేదు. 190 డిగ్రీల వద్ద 20 నిమిషాలు కాల్చాక మధ్య బన్ను లోపల 91 డిగ్రీలు చూపించింది. ఒక్కొక్క పెద్ద చెంచా చక్కెర, నీళ్లు కలిపి మరిగించిన పాకాన్ని వేడి మీదే కుంచెతో పూశాను. చల్లారాక పూస్తే పైన జిగటగా ఉండిపోతుంది.

మేము ప్రార్థన ముగించి కూర్చునేసరికి బన్నులు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. అమ్మ ఒకటి విరిచి, ఆవిరి పోయేదాకా చేతిలోనే పట్టుకొని, "ఈసారి వెన్న రాయకుండానే తినొచ్చే" అంది. మూడు వారాలుగా నేను వినాలనుకున్న మాట అదే.

పదకొండింటికి అదే ఓవెన్‌లో, 200 డిగ్రీల వద్ద, బంగాళాదుంపల మీద కోడిని పెట్టాను. 65 నిమిషాలకు తొడ దగ్గర 76 డిగ్రీలు వచ్చింది, 74 దాటితే చాలు. పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచి కోశాను. ఎముకలు సాయంత్రం సూప్‌కు వెళ్లాయి.

నాలుగు బన్నులు మిగిలితే రెండింటిని ఆ సాయంత్రమే విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. బయట ఉంచిన రెండూ సోమవారం ఉదయం పెనం మీద అర నిమిషం వేడి చేస్తే మెత్తగానే ఉన్నాయి. వచ్చే ఏటికి మార్చవలసినదిగా నోటుబుక్కులో ఒక్కటే రాశాను: నారింజ తొక్కను తురుముగా కాకుండా ముక్కలు కోసి, వారం ముందే చక్కెర పాకంలో ఊరబెట్టాలి.