టైర్ సెన్సర్లు మార్చడం ఒక పూట, కారుకి నేర్పడం రెండు రోజులు

వారం రోజులు గాలి కొట్టించుకుంటూ తిరిగాను. డాష్‌బోర్డులో గుర్రపు లాడంలాంటి పసుపు గుర్తు, మధ్యలో ఆశ్చర్యార్థకం. అది వెలిగితే గాలి తక్కువనే కదా ఎవరైనా అనుకునేది! గేజీ పెట్టి చూస్తే నాలుగింట్లోనూ 33 ఉంది. ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ కొట్టించినా గుర్తు పోలేదు.

తర్వాత ఒకరోజు పొద్దున తాళం తిప్పి, ఫోన్ చూసుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాను. అప్పుడు పట్టుకున్నాను: లైటు ముందు ఓ నిమిషానికి పైగా మిణుకు మిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలుగుతోంది. మాన్యువల్ తీస్తే ఈ తేడా అందులో రాసే ఉంది. మొదటినుంచీ నిలకడగా వెలిగితే గాలి తక్కువ. మిణుకుమిణుకుమని ఆపైన నిలిస్తే గాలిని చూసే వ్యవస్థలోనే ఏదో పోయింది. వారం పాటు నేను చేసింది జ్వరం లేనివాడికి మాత్రలు మింగించడం.

టైరులో గాలి ఎంతుందో కారుకి చెప్పే సెన్సర్ చక్రం లోపల ఉంటుంది, మనం గాలి కొట్టే వాల్వ్‌కి అవతలి కొసన. అందులో నాణెంలాంటి లిథియం బ్యాటరీ పెట్టి, పైన రసాయనం పోసి మూసేస్తారు. బ్యాటరీ ఒక్కటే మార్చే వీలు లేదు. మామూలుగా 5 నుంచి 10 ఏళ్లు వస్తాయి. నా బండికి తొమ్మిదో ఏడు. ఈ సెన్సర్లను బయటినుంచే పలికించి చదివే స్కానర్‌ని స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి ఒక్కో టైరు దగ్గరా పెట్టి చూస్తే మూడు పలికాయి, వెనక ఎడమది పలకలేదు. ఒక్కటే మారిస్తే చాలు గానీ, మిగతా మూడిటి వయసూ అదే. ప్రతి ఆరు నెలలకీ ఒక టైరు విప్పించుకునే ఓపిక నాకు లేదు. నాలుగూ తెప్పించాను.

కొనేముందు ఒక పొరపాటు త్రుటిలో తప్పింది. ఇవి కారుతో రేడియోలో కొన్ని దేశాల బండ్లలో 315 మెగాహెర్ట్జ్ మీద, మరికొన్ని చోట్ల 433 మీద మాట్లాడతాయి. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. నేను ఆర్డర్ పెట్టబోయింది 315వి, నా బండికి కావాల్సినవి 433వి. పార్ట్ నంబర్ సరిచూసుకోకపోతే బిగించాక తెలిసేది.

నాకొచ్చినవి ఖాళీ సెన్సర్లు, అంటే ఏ కంపెనీ బండి భాష కావాలంటే అది స్కానర్‌తో ఎక్కించుకోవచ్చు. చాలామంది ఇక్కడే తికమకపడతారు, నేనూ పడ్డాను. సెన్సర్‌కి బండి భాష ఎక్కించడం ఒక పని. ఆ సెన్సర్ నంబర్‌ని కారుకి పరిచయం చేయడం ఇంకో పని. పాత సెన్సర్ నంబర్‌నే కొత్తదానికి పెట్టేస్తే రెండో పని తప్పుతుంది, కారుకి మార్పు సంగతే తెలియదు. కానీ చచ్చినది నంబర్ చెప్పదుగా. అందుకని అన్నిటికీ కొత్త నంబర్లే ఇచ్చి, ఎనిమిదేసి అక్షరాల ఆ నంబర్లను ఏది ఏ చక్రానిదో ఒక కాగితం మీద రాసుకున్నాను. పలికిన మూడు పాతవాటి నంబర్లు కాగితం వెనక ఉన్నాయి.

టైర్ల షాపులో కుర్రాడు చురుకైనవాడు. మెషిన్ మీద ఎక్కించేముందే వాల్వ్ ఎక్కడుందో చూసుకుని, దానికి దూరంగా టైరు అంచు నొక్కాడు. అక్కడే నొక్కితే సెన్సర్ పటుక్కుమంటుంది. చివర్లో మాత్రం అలవాటుగా డబ్బాలోంచి, వాల్వ్ లోపల గాలిని ఆపే ఇత్తడి పిన్ను తీశాడు. "అన్నా, అది వద్దు, దీంతో వచ్చిందే వెయ్యి" అన్నాను. అల్యూమినియం వాల్వ్‌లో ఇత్తడి పిన్ను పెడితే తుప్పుతో రెండూ కరుచుకుపోతాయి, తర్వాత ఊడిరావు. నట్టు ప్యాకెట్ మీద ఉన్న కొలతకే బిగించి, నాలుగు చక్రాలకీ బ్యాలెన్సింగ్ చేసి పంపాడు.

ఇంటికొచ్చి, కారుని నేర్చుకునే మోడ్‌లో పెట్టాను. హారన్ రెండుసార్లు కూసింది. ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఈ వరస తప్పకూడదు. వాల్వ్ దగ్గర టైరు పక్కగోడకి స్కానర్ ఆనించి బటన్ నొక్కితే, కారు ఆ నంబర్ అందుకుని ఒక కూత కూస్తుంది. నాలుగు చోట్లా కూసింది. ఎంత సుళువు అనుకుంటూ ఓ రౌండ్ వేసి చూస్తే: 33, 33, 0, 33.

వెనక కుడిలో సున్నా. దిగి చూస్తే టైరు నిండుగా ఉంది. సబ్బునీళ్లు పోశాను, బుడగ లేదు. మొత్తం మళ్లీ నేర్పాను, మళ్లీ సున్నా. కొత్త సెన్సరే పాడైందని తీర్మానించి, టైరు మళ్లీ విప్పించాలనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు ఊరికే ఆ టైరు దగ్గర స్కానర్ పెట్టి నంబర్ చదివించాను. వచ్చిన నంబర్ నా కాగితంలో లేదు. కాగితం తిప్పాను. వెనకవైపు ఉంది: పాత ముందు ఎడమది.

కారు ఎక్కడ నిలుపుతానో అక్కడ వెనక కుడి చక్రం పక్కన చిన్న గట్టు ఉంది. స్కానర్ పెట్టె, రెంచీలు, పారేయడానికి మనసొప్పక తెచ్చుకున్న పాత సెన్సర్ల సంచి, అన్నీ దాని మీదే పెట్టుకున్నాను, టైరుకి జానెడు దూరంలో. స్కానర్ లేపిన పిలుపుకి టైరులోని కొత్తది పలికేలోపు సంచిలోది పలికేసింది. సంచిలో గాలి పీడనం ఎంత? సున్నా. పాపం, అది ఉన్నదున్నట్టే చెప్పింది.

సంచిని ఇంట్లోకి పట్టుకెళ్లి మళ్లీ నాలుగూ నేర్పాను. ఈసారి 33, 33, 33, 33. ఇప్పుడు తాళం తిప్పగానే పసుపు గుర్తు ఒకసారి వెలిగి రెండు మూడు సెకన్లకే ఆరిపోతోంది. కాగితం మాత్రం గ్లవ్‌బాక్స్‌లోనే ఉంచాను. టైర్లు ముందువి వెనక్కి వేయించిన రోజున ఏది ఎక్కడుందో ఈ బండికి మళ్లీ చెప్పాల్సిందే.