గర్భసంచిలోకి కెమెరా: నా హిస్టరోస్కోపీ అనుభవం

హిస్టరోస్కోపీ గురించి నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెప్తారు. ‘చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు’ అనేవాళ్లు కొందరు, ‘ప్రాణం పోయినంత పనైంది’ అనేవాళ్లు కొందరు. నాకు రాసిచ్చిన రోజు రాత్రంతా ఫోన్‌లో ఈ రెండు రకాల కథలూ చదివి లేనిపోని టెన్షన్ తెచ్చుకున్నాను. తీరా నా వంతు అయ్యాక అర్థమైంది, వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదని. ఒకే పేరుతో జరిగేవి వేర్వేరు పనులు. కొందరికి మెలకువగా ఉండగానే కెమెరా పెట్టి చూసి పంపేస్తారు. కొందరికి మత్తిచ్చి లోపల కోసి, కత్తిరించి, సరిచేస్తారు. మనకు జరగబోయేది ఏదో తెలుసుకోకుండా పక్కవాళ్ల కథలు చదివితే భయం తప్ప ఏమీ మిగలదు.

నా సంగతి ఇది. ఐవీఎఫ్‌లో ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్, అంటే ల్యాబ్‌లో తయారైన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం, ఫెయిలైంది. మళ్లీ మొదలుపెట్టే ముందు చేసిన స్కాన్‌లో లోపలి పొర ఒకచోట మందంగా, తెల్లగా కనిపించింది. ‘పాలిప్ కావచ్చు, హిస్టరోస్కోపీ చేసి చూద్దాం’ అన్నారు డాక్టర్. పాలిప్ అంటే గర్భసంచి లోపలి పొర నుంచే పుట్టే మెత్తటి కండ. చాలావరకు అపాయం లేనిదే, కానీ పిండం అతుక్కోవాల్సిన చోట ఉంటే అడ్డుపడవచ్చని తీసేస్తారు. ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేస్తే, ‘ఏంటే, మళ్లీ ఆపరేషనా?’ అంది. ఆపరేషనో కాదో అప్పటికి నాకే తెలియదు.

‘ఇది అందరికీ చేస్తారా, నాకే చేస్తున్నారా?’ అని డాక్టర్‌ను అడిగాను. అడగడం మంచిదైంది. స్కాన్ బాగానే ఉన్నా ‘ఎందుకైనా మంచిది’ అని ఐవీఎఫ్‌కు ముందు హిస్టరోస్కోపీ చేయించే అలవాటు చాలాచోట్ల ఉంది. దాని మీద 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. ఒకటి మొదటిసారి ఐవీఎఫ్‌కు వెళ్తున్నవాళ్ల మీద, రెండోది రెండు నుంచి నాలుగుసార్లు ఐవీఎఫ్ ఫెయిలైనవాళ్ల మీద. రెండింట్లోనూ అందరికీ స్కాన్ నార్మలే. రెండింట్లోనూ హిస్టరోస్కోపీ చేయించుకున్నవాళ్లకు బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదు. రెండో ట్రయల్‌లో అయితే ఇటు 29 శాతం, అటూ 29 శాతమే. అదే స్కాన్‌లో ఏదో కనిపించి, అదేంటో చూడటానికి చేస్తే ఆ లెక్క వేరు. నాకు స్కాన్‌లో కనిపించింది కాబట్టి సరేనన్నాను.

టైమింగ్ విషయంలో ఖచ్చితంగా ఉంటారు. పీరియడ్స్ బ్లీడింగ్ ఆగాక, అండం విడుదల కాకముందే చేస్తారు. అంటే సుమారుగా ఆరో రోజు నుంచి పన్నెండో రోజు లోపు. అప్పుడు లోపలి పొర పల్చగా ఉంటుంది, చిన్న పాలిప్ కూడా దాక్కోలేదు. పైగా కడుపులో గర్భం లేదని నమ్మకం ఉంటుంది. ఆ నెలలో కలయికకు దూరంగా ఉండమంటారు, లేదా కాండోమ్ వాడమంటారు. అయినా ఆ రోజు యూరిన్ టెస్ట్ చేస్తారు. ఏళ్ల తరబడి గర్భం కోసం తిరుగుతున్న మనిషిని పట్టుకుని ‘గర్భం లేదు కదా?’ అని అడగడం రూలే కావచ్చు, వినడానికి మాత్రం కాస్త కష్టంగా ఉంటుంది.

వెళ్లేముందు నాలుగు విషయాలు అడిగి రాసుకున్నాను. మత్తు ఇస్తారా, ఇవ్వరా? ఏదైనా కనిపిస్తే అప్పుడే తీసేస్తారా, మరో రోజు రమ్మంటారా? నొప్పికి ముందే ఏం వేసుకోవాలి? మధ్యలో ఆపమంటే ఆపుతారా? చివరి దానికి డాక్టర్ నవ్వి, ‘ఆపకపోతే ఎలా అమ్మా, మీరు చెయ్యెత్తితే చాలు’ అన్నారు. నాకు సగం భయం అక్కడే పోయింది. నాకు మత్తు లేకుండానే అన్నారు, పాలిప్ చిన్నదైతే అక్కడే తీస్తామన్నారు. గంట ముందు నొప్పి మాత్ర వేసుకుని రమ్మన్నారు. మత్తు లేదు కాబట్టి తినే వెళ్లాను. మత్తు ఇచ్చేదైతే ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు.

ఇక అసలు సంగతి. నడుము కింద బట్టలు తీసి, కాళ్లు రెండూ పైన ఆనించి పడుకోబెట్టారు. నడుము కింద మందంగా ప్యాడ్ పరిచారు, అది ఎందుకో కాసేపట్లో తెలిసింది. యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టే పద్ధతీ ఉంది, పెట్టకుండా నేరుగా స్కోప్ పంపే పద్ధతీ ఉంది. నాకు రెండోది చేశారు. స్కోప్ లావు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది. దాని చివర లైటు, కెమెరా, పక్కనుంచి సెలైన్ ధార. గర్భసంచి గోడలు మామూలుగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి, చూడాలంటే సెలైన్‌తో నింపి వాటిని విడదీయాలి. ఆ సెలైనే బయటికి కారుతూ ఉంటుంది. పక్క తడిపేసుకున్నానేమో అని నేను సిగ్గుపడుతుంటే, సిస్టర్ ‘అది మా నీళ్లేనండి’ అంది.

కెమెరా గర్భసంచి ముఖద్వారం దాటే క్షణమే అన్నిటికంటే కష్టం. ‘ఒక్కసారి దగ్గండి’ అన్నారు. దగ్గాను. పొత్తికడుపులో గట్టిగా మెలిపెట్టినట్టయింది, నా పీరియడ్స్ మొదటి రోజు నొప్పికి రెండింతలు ఉంటుందేమో. సిస్టర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి పదును తగ్గి, లోపల ఏదో ఉబ్బినట్టు బరువుగా మారింది. అప్పుడు తల తిప్పి స్క్రీన్ చూశాను. ముందు చిన్న చిన్న గాలి బుడగలు, వాటి వెనక లేత గులాబీ రంగు గోడ. ‘ఇదిగో ఇది అండం వచ్చే ఎడమ ట్యూబ్ మొదలయ్యే చోటు’ అని ఒక చిన్న చుక్క చూపించారు, తర్వాత కుడి వైపు. వెనక గోడ మీద సెలైన్ ధారకు నాచులా అటూ ఇటూ ఊగుతూ పాలిప్ కనిపించింది. ఇన్నాళ్లూ రిపోర్టుల్లో చదవడం తప్ప ఎప్పుడూ చూడని నా గర్భసంచి అంత శుభ్రంగా, మామూలుగా ఉందంటే ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి అనుకుని సిస్టర్ టిష్యూ ఇచ్చింది.

స్కోప్‌లోంచే సన్నటి కత్తెర పంపి పాలిప్‌ను దాని మొదలు దగ్గర కత్తిరించి, చిన్న పట్టకారుతో లాగేశారు. వింతేమిటంటే, కోసినట్టే తెలియలేదు. నొప్పంతా ముఖద్వారం దగ్గర, సెలైన్ నింపినప్పుడు గర్భసంచి కండరం బిగుసుకోవడం వల్ల వచ్చేదే. అంతా అయ్యి లేచి కూర్చోగానే కళ్లు బైర్లు కమ్మి చల్లటి చెమటలు పట్టాయి. ముఖద్వారం కదిలినప్పుడు కొందరికి బీపీ, పల్స్ కాసేపు పడిపోతాయట. కాళ్లు ఎత్తిపెట్టి పడుకోబెడితే తగ్గింది. అయిపోగానే గబుక్కున లేవకండి.

మా అక్క స్నేహితురాలికి గర్భసంచి మధ్యలో అడ్డుగోడ ఉంటే పూర్తి మత్తిచ్చి తీశారు. ఆమెకు నొప్పి జ్ఞాపకమే లేదు, కానీ రోజంతా మగతగా ఉందట. తోడు మనిషి లేనిదే పంపరు, మర్నాటి దాకా బండి నడపొద్దంటారు. మళ్లీ ప్రయత్నించడానికి కూడా ఆమెను ఎక్కువ కాలం ఆగమన్నారు. ‘నరకం’, ‘ఏమీ తెలియలేదు’ కథల మధ్య తేడా ఇలాంటి చోట్ల ఉంటుంది. ప్రసవం అయినవాళ్లకు ముఖద్వారం తేలిగ్గా దారిస్తుంది. మనలో చాలామందికి ఆ అదృష్టం లేకే కదా అక్కడికి వెళ్లింది.

ఇంటికొచ్చాక సాయంత్రం దాకా పొత్తికడుపు పట్టేసినట్టుగా ఉంది. వేడినీళ్ల బ్యాగు, నొప్పి మాత్రతో సరిపోయింది. మొదట నీళ్లలా పల్చటి ఎరుపు, తర్వాత గోధుమరంగు మరకలు. కొద్దిరోజులు, కొందరికి వారం దాకా ఇలా ఉంటుంది. బ్లీడింగ్ ఆగేదాకా ప్యాడ్‌లే వాడాలి, టాంపన్, కప్పు, కలయిక, ఈత వద్దు. జ్వరం, చెడు వాసన, మాత్ర వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, ప్యాడ్ మీద ప్యాడ్ తడిసేంత బ్లీడింగ్, వీటిలో ఏది వచ్చినా వెంటనే వెళ్లమన్నారు. ఇన్ఫెక్షన్, గర్భసంచి గోడకు చిల్లు పడటం అరుదే, కానీ సంతకం పెట్టే కాగితంలో ఇవన్నీ ఉంటాయి. చదివి భయపడకండి, చదవకుండా మాత్రం సంతకం పెట్టకండి.

తీసిన ముక్కను బయాప్సీకి పంపారు. పాలిప్ మామూలుదే అని వచ్చింది. కానీ లోపలి పొరలో ప్లాస్మా కణాలు ఉన్నాయని, అంటే సన్నగా ఎప్పట్నుంచో ఉన్న వాపు లక్షణమని, రెండు వారాలు యాంటీబయాటిక్ రాశారు. ఆ వాపుకు బయట ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. నాకు అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

పాలిప్ తీసేటప్పుడే ‘స్క్రాచ్’ కూడా చేయించుకోమని ఇంకొకరు సలహా ఇచ్చారు. లోపలి పొరను కాస్త గీకితే పిండం బాగా అతుక్కుంటుందని ఒకప్పటి నమ్మకం. 2019లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో గీకినవాళ్లకూ, గీకనివాళ్లకూ బిడ్డ పుట్టిన శాతం ఒక్కటే, 26.1. నేను వద్దన్నాను, మా డాక్టర్ కూడా పట్టుబట్టలేదు.

హిస్టరోస్కోపీ చెప్పనివి కూడా ఉన్నాయి. ట్యూబ్ మొదలయ్యే చోటు కనిపిస్తుంది గానీ అది చివరిదాకా తెరుచుకుని ఉందో లేదో అందులో తెలియదు, దానికి హెచ్‌ఎస్‌జీ (ట్యూబుల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే) లాంటివి వేరే ఉన్నాయి. అండం ఎలా ఉంది, పిండం ఎలా ఉంది అన్నది అసలే తెలియదు. ఈ ముక్క మా ఆయనకు రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ‘పాలిప్ పోయింది కదా, ఇంక అయిపోయినట్టే’ అని ఆయన ఆశ.

మందుల కోర్సు అయ్యాక, తర్వాతి పీరియడ్స్‌తో ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టారు. అది నిలవలేదు. ఆ రిజల్ట్ వచ్చిన వారం గురించి రాయబుద్ధి కావడం లేదు. డ్యూటీలో ఉన్న వేరే డాక్టర్ ఫైల్ చూసి ‘మళ్లీ ఒకసారి హిస్టరోస్కోపీ చేద్దామా?’ అన్నారు. ఈసారి దేనికోసం చూస్తున్నారని అడిగాను. ఆవిడ కాసేపు పేజీలు తిప్పి, ముందు గర్భసంచిలో సెలైన్ నింపి చేసే స్కాన్ చేసి చూద్దాం, అందులో ఏమీ లేకపోతే అవసరం లేదన్నారు. స్కాన్‌లో ఏమీ లేదు. వచ్చే నెల ట్రాన్స్‌ఫర్‌కు మందులు మొదలుపెట్టాం.