నలుగురికీ ఒకటే స్కెచ్‌బుక్

మూడు రోజుల ప్రయాణానికి బొమ్మల సరంజామా అంతా ఒక పెన్సిల్ డబ్బాలో సర్దేశాం: ఆరు నీటిరంగు బిళ్లలు, పిడిలోనే నీళ్లు నింపుకునే బ్రష్‌లు రెండు, 2బి పెన్సిల్, తెల్ల క్రేయాన్, పాత బనీను గుడ్డ. స్కెచ్‌బుక్ మాత్రం నలుగురికీ కలిపి ఒక్కటే. తలా ఒకటి ఉంటే ఎవరి గోల వాళ్లది. ఒకటే అయితే చేతులు మారుతుంది, పక్కవాళ్లు తలదూర్చి సలహాలిస్తారు. సగం సరదా అక్కడే.

కాగితం దగ్గర పిసినారితనం పనికిరాదు. 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువని) కాగితం తడి తగలగానే ఉబ్బి ఎగుడుదిగుడవుతుంది, రంగు ఆ గుంటల్లోకి దిగి మరకలు కడుతుంది. 300 జీఎస్‌ఎం చాలావరకు తట్టుకుంటుంది. అంచులకు రెండు క్లిప్పులు పెడితే గాలికీ లేవదు.

రైలు కిటికీ దగ్గర చిక్కేమిటంటే, గీద్దామనుకున్న చెట్టు పెన్సిల్ ఎత్తేలోపే వెనక్కి పోతుంది. దూరపు కొండ మాత్రం మనతోపాటే వస్తున్నట్టుంటుంది. అందుకే ముందు కొండ గీత, తర్వాత పొలాల గట్లు, ఆఖరున దగ్గరి చెట్టు. అదీ ఏ ఒక్క చెట్టూ కాదు, దీని కొమ్మ, దాని మోడు ఏరి కూర్చినది. రంగులు బండి ఆగాకే తీశాం. గీత వణికితే ముచ్చటే, రంగునీళ్లు ఒలికితే ఎదుటివాళ్ల చొక్కా పాడు.

సముద్రం ఒడ్డున మొదటి పేజీ ఎండలో కూర్చుని చెడగొట్టాం. తెల్ల కాగితం మీద ఎండ పడితే వేసిన రంగు పలచగా కనిపిస్తుంది, చాల్లేదని ఇంకో పూత వేస్తాం. గదిలోకి వచ్చి చూస్తే బొమ్మంతా ముదురుగా, మసకగా ఉంది. రెండో రోజు నీడ చూసుకుని కూర్చున్నాం. పడవ నీడను ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, సూర్యుడు జరిగినా దాన్ని మార్చలేదు.

నురగకు క్రేయాన్ వాడాం. మాలో చిన్నపిల్ల తెల్లకాగితం మీద మెలికలు తిప్పుతుంటే ఏమీ కనిపించదు, ‘ఏం గీశావు?’ అంటే నవ్వుతుంది. అల్ట్రామెరీన్ నీలాన్ని బాగా పలచన చేసి, నిండు బ్రష్‌తో ఒక్క ఊపులో లాగాం. క్రేయాన్‌లోని మైనం నీళ్లను పట్టనివ్వదు కదా, ఆ పిల్ల గీసిన గీతలన్నీ తెల్లగా బయటపడ్డాయి. మూడు నాలుగు మెలికలు చాలు. ఎక్కువైతే ఆ చోట ఇక ఏ రంగూ నిలవదు, రబ్బరుకూ పోదు.

నలుపు బిళ్ల తీసుకెళ్లలేదు. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే బూడిద రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే మబ్బు, గోధుమ ఎక్కువైతే తడి ఇసుక.

బ్రష్‌ను సముద్రపు నీళ్లలో కడగొద్దు. ఆ ఉప్పు తేమ పీల్చి కాగితాన్ని చెమ్మగానే ఉంచుతుంది. ఒడ్డున గాలే తేమ, పేజీ ఆరడానికి ఎంతకీ రాదు. వేలి వెనకవైపు ఆనించి చూడాలి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. అప్పుడు పుస్తకం మూస్తే ఎదురు పేజీకి అంటుకుంటుంది.

తిరుగు రైలెక్కేసరికి మిగిలింది ఒకటిన్నర పేజీ. ఆ సగం పేజీ ఎవరిదన్న తగవు ఇల్లు చేరినా తెగలేదు.