ఫార్మాట్ వేరు, తాళం వేరు: కొన్న ఈ-పుస్తకాలను కొత్త రీడర్‌లోకి తెచ్చుకున్న అనుభవం

నా పాత ఈ-రీడర్‌లో బ్యాటరీ నిలవడం మానేశాక, వేరే కంపెనీ రీడర్ కొన్నాను. తెర పెద్దది, అక్షరం కంటికి హాయిగా ఉంటుంది, నచ్చిన తెలుగు ఫాంటు వేసుకునే వీలుంది. ఏళ్ల తరబడి డబ్బు పెట్టి కొన్న పుస్తకాలన్నీ ఇందులోకి తెచ్చుకోవాలన్నది నా కోరిక. కొన్ని వచ్చాయి, కొన్ని తిప్పలు పెట్టి వచ్చాయి, కొన్ని ఇప్పటికీ రాలేదు. ఇదే పనికి దిగేవారికి ఉపయోగపడుతుందని, ఏది ఎందుకు కదిలిందో, ఏది ఎందుకు మొండికేసిందో రాస్తున్నాను.

అడిగిన వాళ్లలో చాలామంది చెప్పిన సలహా ఒకటే: "ఫార్మాట్ మార్చుకోండి, అయిపోతుంది." సగం పుస్తకాల విషయంలో ఈ సలహా దండగ. పుస్తకం ఏ ఫార్మాట్‌లో ఉందన్నది ఒక విషయం, దాని మీద తాళం ఉందా లేదా అన్నది మరో విషయం. ఈ రెండింటినీ విడదీసి చూసిన తర్వాతే నా పని ముందుకు సాగింది.

ఫార్మాట్ల సంగతి నిజానికి అంత చిక్కు కాదు. ఈపబ్ అనేది ఎవరైనా వాడుకోగల బహిరంగ ప్రమాణం. 2007లో అధికారికంగా వచ్చింది, 2011లో మూడో రూపం వచ్చింది, 2017 నుంచి వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ పర్యవేక్షణలో ఉంది. అదే 2007 నవంబరులో వచ్చిన అమెజాన్ ఈ-రీడర్ కిండిల్ మాత్రం వేరే దారి పట్టింది. అమెజాన్ 2005లో కొనుక్కున్న మోబీపాకెట్ అనే ఫ్రెంచి సంస్థ ఫార్మాట్ మీద తన ఫార్మాట్‌ను కట్టుకుంది. అలా వచ్చిందే ఏజడ్‌డబ్ల్యూ. ఆ తర్వాత ఏజడ్‌డబ్ల్యూ3, కేఎఫ్ఎక్స్ వచ్చాయి. తాళం లేనప్పుడు ఇవేవీ పెద్ద అడ్డంకులు కావు. కోవిద్ గోయల్ తయారు చేసిన క్యాలిబర్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఏజడ్‌డబ్ల్యూ3 ఇచ్చి ఈపబ్ తీసుకోవడానికి నిమిషం కూడా పట్టదు.

తాళం అంటే డీఆర్‌ఎం. పుస్తకంలోని పాఠాన్ని సంకేతలిపిలోకి మార్చి, దాన్ని విప్పే తాళంచెవిని దుకాణం తన దగ్గర పెట్టుకుంటుంది. మీ ఖాతాకు, మీ పరికరానికి అనుమతి ఉంటేనే తెరుచుకుంటుంది. తాళం వేసిన ఈపబ్ కూడా పేరుకు ఈపబ్బే. "మేం ఈపబ్ అమ్ముతాం" అన్న మాట చూసి అన్ని రీడర్లలోనూ తెరుచుకుంటుందని ఆశపడనక్కర్లేదు.

ఈ తేడాను కళ్లతో చూడవచ్చు. ఈపబ్ అంటే లోపల జిప్ ఫైలే. ఫైలు పేరు చివర ఈపబ్ తీసేసి జిప్ అని పెట్టి తెరిచాను. తాళం లేని పుస్తకంలో ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా ఉంది. ఏదో ఒకటి మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు వాక్యాలు శుభ్రంగా కనిపించాయి. బొమ్మలు, ఫాంట్లు, అక్షరాల పరిమాణం చెప్పే స్టైల్ ఫైలు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. తాళం వేసిన పుస్తకాన్ని అలాగే తెరిచాను. అధ్యాయాల పేర్లు అవే, వరుసా అదే. కానీ ఒక్క ఫైలు తెరిస్తే అర్థంపర్థం లేని గుర్తుల గుంపు. పక్కనే మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డరులో ఏ ఏ ఫైళ్లకు తాళం వేశారో చెప్పే ఎన్‌క్రిప్షన్ ఫైలు ఉంది. ఆ ఫైలు కనిపించినంత మాత్రాన తాళం ఉన్నట్టే అనుకోకూడదు. పొందుపరిచిన ఫాంట్లను మరుగుపరచడానికి కూడా దాన్నే వాడతారు. అది తెరిచి, జాబితాలో అధ్యాయాలున్నాయా, ఫాంట్లు మాత్రమే ఉన్నాయా చూడాలి. నా దగ్గరున్న ఈపబ్‌లన్నిటినీ ఇలా చూసి వేరు చేసుకోవడమే మొదటి పని అయింది.

తాళం లేనివాటితో ఏ ఇబ్బందీ రాలేదు. ప్రచురణకర్తల దగ్గర నేరుగా కొన్నవి, కాపీరైట్ ముగిసిన పుస్తకాలను ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటు నుంచి తెచ్చుకున్నవి, కొన్ని దుకాణాల్లో ప్రచురణకర్త కోరిక మేరకు తాళం లేకుండా అమ్మినవి ఇందులో ఉన్నాయి. సైన్స్ ఫిక్షన్ వేసే టార్ సంస్థ 2012 నుంచి తన ఈ-పుస్తకాలన్నిటికీ డీఆర్‌ఎం తీసేసింది. కొన్ని పుస్తకాల్లో మొదటి పేజీలోనే నా పేరు, ఈమెయిల్ అచ్చై ఉన్నాయి. దీన్ని వాటర్‌మార్క్ అంటారు. పుస్తకం ఎవరి చేతి నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది, కానీ చదువుకోవడానికి అడ్డు రాదు. పాఠకుడి మీద నమ్మకం ఉంచే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఇవన్నీ యూఎస్‌బీ తీగతో కాపీ చేసుకున్నాను.

రెండో రకం పుస్తకాలకే ఓపిక కావలసి వచ్చింది. ఇవి అడోబీ తాళం వేసిన ఈపబ్‌లు. దుకాణంలో డౌన్‌లోడ్ నొక్కితే వచ్చేది పుస్తకం కాదు, ఏసీఎస్‌ఎం అనే చిన్న ఫైలు. రేషన్ దుకాణంలో సరుకు తీసుకోవడానికి ముందు ఇచ్చే చీటీ లాంటిది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పుస్తకం పేరు, దాన్ని పంపే సర్వర్ చిరునామా, చీటీ గడువు కనిపిస్తాయి. దీన్ని అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే ప్రోగ్రాంకు ఇస్తే, అది సర్వర్‌తో మాట్లాడి అసలు పుస్తకం దింపుతుంది. ఎప్పుడో దాచిపెట్టిన చీటీలు పని చేయలేదు, వాటి గడువు దాటిపోయింది. దుకాణంలోకి మళ్లీ వెళ్లి కొత్తవి తెచ్చుకోవలసి వచ్చింది. దుకాణం ఇంకా నడుస్తోంది కాబట్టి సరిపోయింది.

ఇక్కడ జాగ్రత్త పడవలసింది అడోబీ ఐడీ, అంటే అడోబీ దగ్గర తెరిచే ఖాతా దగ్గర. అడోబీ డిజిటల్ ఎడిషన్స్ మొదటిసారి తెరిచినప్పుడు ఐడీ లేకుండా కూడా కంప్యూటర్‌కు అనుమతి తీసుకోవచ్చునని చూపిస్తుంది. ఆ దారి సులువు. కానీ అలా తెచ్చుకున్న పుస్తకాలు ఆ ఒక్క కంప్యూటర్‌కే అతుక్కుపోతాయి. ఐడీతో అనుమతి తీసుకుంటే అదే ఐడీ ఉన్న మిగతా పరికరాల్లోనూ తెరుచుకుంటాయి. ఆ పరికరాల సంఖ్యకు పరిమితి ఉంటుంది. అందుకే పాత కంప్యూటర్ అమ్మేసే ముందు దాని అనుమతి రద్దు చేయడం చాలా ముఖ్యం. అది మూలన పడిపోయాక రద్దు చేయాలంటే సహాయ కేంద్రానికి రాసుకోవడమే. నేను కంప్యూటర్‌కు, తర్వాత తీగతో తగిలించిన రీడర్‌కు ఒకే ఐడీతో అనుమతి ఇచ్చి, పుస్తకాలను ఎడమ వైపు కనిపించే రీడర్ పేరు మీదికి లాగి వదిలాను. వచ్చేశాయి.

వచ్చాక ఒక తెలుగు కథల సంపుటి తెరిస్తే మనసు చివుక్కుమంది. "పుస్తకం" అన్న మాటలో సకారానికి పొల్లు పెట్టి, కింద ఉండవలసిన త ఒత్తును పక్కన నిండు అక్షరంగా వేసింది. "స్త్రీ" అయితే మూడు ముక్కలైంది. ఫాంటు మార్చి చూశాను. నోటో సాన్స్ తెలుగు వేసినా, మండలి వేసినా అదే వరస. ఎందుకంటే లోపం ఫాంటులో లేదు. అక్షరాలను, గుణింతాలను, ఒత్తులను కలిపి ఒక రూపం కట్టే పనిని షేపింగ్ అంటారు. ఆ రీడర్‌లో తాళం ఉన్న ఈపబ్‌లను చూపించే ప్రోగ్రాం తెలుగుకు ఆ పని సరిగా చేయలేదు.

తాళం లేని తెలుగు పుస్తకాలకు ఇదే సమస్య వస్తే పరిష్కారం చేతిలో ఉంది. కేఓరీడర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను రీడర్‌లో వేసుకున్నాను. అది షేపింగ్ కోసం హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ భాగాన్ని వాడుతుంది. ఒత్తులన్నీ వాటి చోట చక్కగా కూర్చున్నాయి. కానీ కేఓరీడర్ తాళం వేసిన పుస్తకాన్ని తెరవలేదు. అంటే నేను డబ్బు పెట్టి కొన్న తెలుగు పుస్తకం విరిగిన అక్షరాలతో ఉంటే, దాన్ని సరిగా చూపించే ప్రోగ్రాం పక్కనే ఉన్నా, నేను వాడుకోలేను. డీఆర్‌ఎం గురించి మాట్లాడేటప్పుడు అందరూ దొంగ కాపీల గురించే మాట్లాడతారు. తెలుగు లాంటి లిపులకు జరిగే ఈ నష్టం మాట ఎవరూ ఎత్తరు. ఆ కథల సంపుటిని చివరికి అదే ఐడీతో ఫోనులో మరో యాప్‌లో తెరిచాను. అక్కడ అక్షరాలు బాగానే ఉన్నాయి, తెర మాత్రం చిన్నది.

ఇలా కాక, తాళం వేసినా పాఠకుడిని కాస్త మన్నించే పద్ధతి ఇంకొకటి ఉంది. రీడియం ఎల్‌సీపీ అంటారు. కొన్నప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను ఆ పద్ధతి తెలిసిన ఏ యాప్‌లో ఇచ్చినా పుస్తకం తెరుచుకుంటుంది. అడోబీ లాంటి మూడో కంపెనీ దగ్గర ఖాతా తెరవనక్కర్లేదు. ఒక దుకాణం నుంచి ఈ రకం పుస్తకాలు కొన్ని నాకున్నాయి, ఒకసారి పాస్‌వర్డ్ ఇవ్వగానే తెరుచుకున్నాయి.

మూడో రకం, ఒక పెద్ద దుకాణం తన సొంత ఫార్మాట్‌లో, తన సొంత తాళంతో అమ్మినవి. నా పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇవే. వీటిని కొత్త రీడర్‌లోకి తెచ్చే న్యాయమైన దారి లేదు. సహాయ కేంద్రానికి రాస్తే మర్యాదగా జవాబిచ్చారు, "మా పరికరాల్లో, మా యాప్‌లలో చదువుకోవచ్చు" అని. తాళం పగలగొట్టే పరికరాలు దొరుకుతాయని తెలుసు. కానీ 1996 నాటి వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) కాపీరైట్ ఒప్పందం ఇలాంటి తాళాలను దాటేయడం నుంచి చట్టరక్షణ కల్పించాలని సభ్యదేశాలను కోరింది. అమెరికా 1998లో డీఎంసీఏ అనే చట్టం తెచ్చింది, చాలా దేశాల్లో అలాంటివి ఉన్నాయి. పుస్తకం నేను కొన్నదే అయినా, చదువుకోవడానికే అయినా, చట్టం దృష్టిలో అది తేలిక విషయం కాదు. కాబట్టి ఆ దారి నేను పట్టలేదు.

కొనుగోలు షరతులు ఈసారి మొదటి నుంచి చివరి దాకా చదివాను. పుస్తకం "అమ్మినట్టు" ఎక్కడా లేదు, చదువుకోవడానికి అనుమతి ఇచ్చినట్టు ఉంది. ఈ అనుమతి ఎంత బలహీనమైనదో చరిత్రలో ఉంది. 2009లో అమెజాన్ హక్కుల తగాదా వల్ల జార్జ్ ఆర్వెల్ నవలలను కొన్నవారి కిండిల్‌ల నుంచి దూరం నుంచే చెరిపేసింది, తర్వాత క్షమాపణ చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల విభాగాన్ని మూసేసినప్పుడు డబ్బు తిరిగి ఇచ్చింది గానీ, కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దింపుకుని తీగ ద్వారా పంపుకునే వీలు కూడా అమెజాన్ తీసేసింది. అదే ఏడాది జనవరి నుంచి కాలిఫోర్నియాలో, అనుమతి మాత్రమే ఇస్తున్నప్పుడు ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని రాయకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. ఇలాంటిది అన్నిచోట్లా రావాలి.

ఈ పుస్తకాలను ఇప్పుడు ట్యాబ్లెట్‌లో ఆ దుకాణం యాప్ ద్వారా చదువుతున్నాను. వాటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టినవి నేను గీసుకున్న గీతలు, రాసుకున్న గమనికలు. అవి నా సొంతం కదా. ఖాతాలోని గమనికల పేజీ నుంచి ఒక్కో పుస్తకానివి దింపుకున్నాను. నేను రాసిన మాటలన్నీ వచ్చాయి. గీత గీసిన వాక్యాలకు మాత్రం ప్రచురణకర్త పెట్టిన హద్దు ఉంది. అది దాటిన చోట వాక్యం బదులు, హద్దు దాటిందన్న ప్రకటన ఉంది. ఎక్కువగా గీసుకున్న వ్యాస సంపుటాల్లో చివరి అధ్యాయాలన్నీ ఇలాగే ఖాళీ. యాప్ పక్కన పెట్టుకుని ఆ వాక్యాలు నోటుబుక్కులోకి చేత్తో ఎత్తి రాసుకున్నాను. పేజీ సంఖ్యలు ఆ దుకాణం సొంత స్థానసంఖ్యలుగా ఉన్నాయి, వేరే కూర్పులో అవి దేనికీ సరిపోవు. అందుకని ప్రతి గమనిక పక్కన అధ్యాయం పేరు, పేరా మొదటి రెండు మాటలు రాశాను. ఇలా రాసుకుంటే ఏ కూర్పులోనైనా వెతికి పట్టుకోవచ్చు.

ఇప్పుడు కొనే ముందు వివరాల పేజీ కింది దాకా చదువుతాను. డీఆర్‌ఎం లేదని ఉంటే అక్కడే కొంటాను. ఏమీ రాయకపోతే ప్రచురణకర్త సొంత సైటులో ఉందేమో చూస్తాను. అప్పటికీ తేలకపోతే నమూనా అధ్యాయం దింపుకుని, తెలుగు అక్షరాలు సరిగా వస్తున్నాయా చూసి, అనుమతి మాత్రమే కొంటున్నానన్న ఎరుకతో కొంటాను. మూడో రకంలో నేను మళ్లీ మళ్లీ తెరిచే పుస్తకాలకు తాళం లేని కూర్పు దొరికితే రెండోసారి కొంటున్నాను. రచయితకు ఇంకోసారి డబ్బు వెళ్లడం నాకు సంతోషమే. దొరకనివాటి గురించి ప్రచురణకర్తలకు రాస్తున్నాను. చాలామంది జవాబివ్వలేదు. ఒక చిన్న సంస్థ మాత్రం నా కొనుగోలు రశీదు చూసి, తాళం లేని ఈపబ్‌ను నేరుగా పంపింది.