పసుపు రంగు, 230 వాట్ల ఇటుక

హైదరాబాద్ వెళ్లాలంటే నాకు స్లీపరే అలవాటు. ఈసారి థర్డ్ ఏసీ చేయించుకున్నాను. చల్లదనానికి కాదు, బెర్తు పక్కన ప్లగ్గు ఉంటుందని. రెట్టింపుకి పైగా వదిలింది. పైగా ఏసీలో అద్దాలు తెరుచుకోవు కాబట్టి, రాజమండ్రి దాటగానే గోదారమ్మకి రూపాయి బిళ్ల వేసే భాగ్యం కూడా పోయింది.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ల దుకాణాలుండే సీటీసీలో కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి ప్రయాణం. ఆ లోపు పాతదాని మీద ఒక పని మిగిలింది. మర్నాడు రాత్రి భీమవరంలో రిసెప్షన్, ఎల్ఈడీ స్క్రీన్ మీద వేయడానికి మూడు నిమిషాల వీడియో. ముందే ఒకటి ఇచ్చాను. పెళ్లికూతుర్ని చేసిన రోజు క్లిప్పులు చూసి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు: "ఏవండీ, మా అమ్మాయి మొహం కమలాపండులా ఉందేంటి?"

తప్పు నాదే. నా ల్యాప్‌టాప్ తెర మీద పసుపు ఎప్పుడూ వెలిసిన గోడ రంగులో కనిపిస్తుంది. సరిపోలేదు కదా అని నేను ఇంకొంచెం, ఇంకొంచెం ఎక్కించాను. వాళ్లింట్లో టీవీలో అది భగ్గుమంది. మూడేళ్ల క్రితం కొన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు నెంబరు చూసి మురిసిపోయానే గాని, కింద చిన్న అక్షరాల్లో తెర గురించి '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని, అంటే రంగులు సగం కూడా సరిగ్గా చూపించదని, రాసి ఉందని చూడలేదు. ఆటలాడే కుర్రాళ్లకి అది చాలు. పసుపూ కుంకుమా పట్టుచీరలూ చూసుకునేవాడికి చాలదు.

కొవ్వూరు రాకముందే అడాప్టరు తీశాను. 230 వాట్లు, ముప్పావు కిలో పైనే ఉంటుంది, ఆకారం ఇటుక. ప్లగ్గు పక్కన మొబైల్ బొమ్మ వేసి ఉంది. చూడనట్టు పెట్టేశాను. ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద వీడియో కదలడం మొదలైన రెండో నిమిషంలో ప్లగ్గు చచ్చిపోయింది. నాదొక్కటే కాదు, ఎదురు బెర్తువాళ్ల ఫోన్లు కూడా ఛార్జింగ్ ఆగిపోయాయి. కింద బెర్తు పెద్దావిడ దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఏం బాబూ, ఇడ్లీ కుక్కరేమన్నా పెట్టావా?" అంది.

బ్యాటరీ మీద నలభై నిమిషాలు. అది కూడా ఈడుస్తూ. తీగ తీయగానే ఆ గ్రాఫిక్స్ కార్డు సగం నిద్రపోతుంది.

సైడ్ లోయర్‌లో ఒకమ్మాయి ఇదంతా చూస్తోంది. హైటెక్ సిటీలో డిజైనరట. ఆమె ఒళ్లో పల్చటి మ్యాక్‌బుక్ ఎయిర్, రాజమండ్రి నుంచీ ఛార్జరు లేకుండానే పని చేసుకుంటోంది. "మీ క్లిప్పు ఒకటి ఇవ్వండి అన్నా, చూద్దాం" అంది. మా సోనీ కెమెరా ఫైళ్లు 4కే, హెచ్ 265, 10 బిట్, 4:2:2; అంటే రంగుల వివరం ఎక్కువ, గట్టిగా కుదించి ఉంటాయి, విప్పడం కష్టం. నా దాంట్లో ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు, చేసుకోకపోతే పదడుగులకోసారి ఆగే ఆర్టీసీ పల్లెవెలుగులా నడుస్తాయి. ఆమె దాంట్లో నెయ్యి జారినట్టు జారింది. ఫ్యాను చప్పుడు కూడా లేదు, అసలు దానికి ఫ్యానే లేదు.

నాకు కొంచెం ఉడుకుమోత్తనం వచ్చింది. ఆమెని అడిగి తెలుసుకున్నదేమిటంటే, ఆ 4:2:2ని విప్పడానికి చిప్‌లోనే విడిగా ఏర్పాటు ఉండాలి. యాపిల్ ఎం సిరీస్‌లో ఉంది, ఇంటెల్‌లో కొన్నేళ్ల నుంచీ ఉంది, ఎన్‌విడియా అయితే 50 సిరీస్ గ్రాఫిక్స్ కార్డుల్లోనే పెట్టింది. నాది ఏఎండీ ప్రాసెసరు, ఎన్‌విడియా వాళ్లదే పాత ఆర్‌టీఎక్స్ కార్డు. అంత డబ్బు పోసి కొన్న కార్డు నా ఫైళ్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంటోందన్నమాట.

"మ్యాకే తీసుకోండి మరి" అంది. నేను ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తానమ్మా, అది విండోస్‌లోనే ఉంటుంది, శుభలేఖలూ ఆల్బమ్ టైటిళ్లూ అన్నీ యూనికోడ్ కాని పాత అను తెలుగు ఫాంట్లలో, వాటిని నడిపే స్క్రిప్ట్ మేనేజరు కూడా విండోస్‌దే అన్నాను. "ఇంకా అను ఫాంట్లేనా? యూనికోడ్‌లోకి వచ్చేయండన్నా" అని నవ్వింది. పదిహేనేళ్ల శుభలేఖల ఫైళ్లు ఉన్నవాడి బాధ ఆమెకేం తెలుస్తుంది.

పడుకున్నాక తణుకులో మావయ్య స్టూడియో గుర్తొచ్చింది. కరెంటు పోతే సీపీయూని దుప్పట్లో చుట్టి, స్కూటరు మీద నేను వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకుని, ఇన్వర్టరున్న ఇంటికి పట్టుకెళ్లేవాళ్లం. రెండు డీవీడీల పెళ్లికి రాత్రంతా రెండరింగ్, అంటే ఎడిట్ చేసింది వీడియోగా తయారవడం. ఇప్పుడు ఏసీ బోగీలో కూడా నేను చేస్తున్నది అదే, ప్లగ్గు కోసం దేవులాట.

సికింద్రాబాద్‌లో దిగింది తెల్లారకముందే. దుకాణాలు తీసేసరికి పదకొండు. మధ్యలో మూడు ఇరానీ చాయ్‌లు, స్టేషన్ నుంచి పార్క్ లేన్‌కి ఆటో నూటయాభై (నడిస్తే ఇరవై నిమిషాలు, బ్యాగు బరువు నడవనివ్వలేదు).

మొదటి షాపులో కుర్రాడు ఎర్రలైట్లు వెలిగే కీబోర్డు చూపించి, "ఎడిటింగ్‌కి బీస్ట్ సార్" అన్నాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చి, పసుపు క్లిప్పు వేయమన్నాను. అదే వెలిసిన గోడ. రెండో షాపువాడు నా పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంటుందని అసలు పెట్టనివ్వలేదు. మూడో చోట ఓఎల్ఈడీ తెర, ఇంటెల్ కోర్ అల్ట్రా, కిలోన్నర బరువు. క్లిప్పు ఆగకుండా నడిచింది, పిల్ల చెంపల మీద పసుపు పసుపులా ఉంది. ఛార్జరు అరచేతిలో పట్టింది, 65 వాట్లు, టైప్ సీ. 16 జీబీది తీసుకుని తర్వాత పెంచుకుందామనుకుంటే, ర్యామ్ బోర్డుకే అంటించేశారట, పెంచడం కుదరదట. 32కి ఇంకో పదిహేను వేలు. మొత్తం లక్షా ముప్పై రెండు వేలు. గంట బేరమాడితే తగ్గింది రెండు వేలు, ఇచ్చింది ఒక మౌసూ ఒక బ్యాగూ. నా ఇంట్లో ఇలాంటి ఉచిత బ్యాగులు నాలుగున్నాయి.

స్టేషన్ ఎదురు లాడ్జిలో గది తీసుకుని, ఎడియస్ ఎక్కించి, రంగులు దింపి, నాలుగింటికి పంపేశాను. సాయంత్రం బండికి స్లీపరే. కాజీపేట దాటాక పెళ్లికూతురి నాన్నగారి ఫోన్.

"పసుపు ఇప్పుడు బాగుందండీ. కానీ మా తోడల్లుడు ఒక్క ముక్కలో కూడా కనపడలేదేంటి?"