పొద్దున్నే ఆగిపోయే పాత కారు: లోపం ఎక్కడుందో వెతికిన తీరు

నా దగ్గరున్నది 1997లో తయారైన చిన్న పెట్రోలు కారు. ఇంజెక్టర్లు రాకముందు తరానికి చెందిన, పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ ఉన్న బండి కాబట్టి, డాష్‌బోర్డు దగ్గర చేత్తో లాగే చోక్ కూడా ఉంటుంది. ఆదిలాబాదులో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు పడిపోవడం మామూలే. మొన్నటి చలికాలంలో ఈ కారు సెల్ఫ్ కొట్టగానే స్టార్టయి, కొద్ది క్షణాలు తిరిగి ఆగిపోయేది. మళ్లీ స్టార్టు చేసి, గేరు వేసి క్లచ్ వదలబోతే మరోసారి ఆగిపోయేది. ఎలాగోలా కాసేపు రేస్ ఇస్తూ ఇంజనును వేడెక్కనిస్తే మాత్రం, ఇక ఆ రోజంతా ఎక్కడా తడబడేది కాదు.

లోపాన్ని పట్టుకోవడం కష్టమైంది సరిగ్గా ఇందువల్లే. గ్యారేజీకి చేరేసరికి ఇంజను వేడెక్కి ఉంటుంది, వేడెక్కిన ఇంజనులో లోపం కనిపించదు. చూసిన ప్రతి మెకానిక్కూ ట్యూనింగ్ చేస్తే చాలని ప్లగ్గులు శుభ్రం చేసి, ఐడ్లింగ్ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం) స్క్రూ కొంచెం బిగించి పంపించాడు. దానివల్ల ఉదయం పూట కొంత ఊరట కలిగినా, వేడెక్కిన తరువాత ఇంజను సిగ్నళ్ల దగ్గర అనవసరంగా అరుస్తూ పెట్రోలు ఎక్కువ తాగేది. చివరికి కార్బురేటర్ బండ్లు ఎక్కువగా చూసిన ఒక పెద్దాయన, "బండి రాత్రి ఇక్కడనే ఉంచుండ్రి సార్, పొద్దుగాల్ల చల్లగున్నప్పుడు చూస్తా" అన్నారు. నాకు వినిపించిన మొదటి సరైన మాట అదే. ఆ తరువాత పరీక్షలన్నీ, కొన్ని ఆయన షెడ్డులోనూ కొన్ని మా ఇంటి ముందూ, రాత్రంతా నిలిపి ఉంచిన బండిపైనే జరిగాయి.

చల్లని ఇంజనుకు ఇంధనం ఎక్కువ కావడానికి కారణం ఉంది. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిసిన భాగమే మండుతుంది. కార్బురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్లే గొట్టాల భాగమైన మానిఫోల్డు చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ పంపిన పెట్రోలులో చాలా భాగం గోడలకు తడిగా అంటుకుపోతుంది, సిలిండరుకు చేరే మిశ్రమంలో గాలి పాలు పెరుగుతుంది. ఆ లోటును పూడ్చడానికే చోక్ రేకు గాలి దారిని మూసి, జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) నుంచి పెట్రోలును ఎక్కువగా లాగిస్తుంది. దానికి జోడించిన ఏర్పాటు, యాక్సిలరేటరుతో కదిలే థ్రాటిల్ రేకును కూడా కొద్దిగా తెరిచి ఇంజను వేగం పెంచుతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగిపోయే బండిలో ముందుగా అనుమానించవలసింది పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతున్న పరిస్థితినే.

అయినా కరెంటు వైపు చూడకుండా వదలలేదు. సెల్ఫ్ జోరుగానే తిరుగుతోంది కనుక బ్యాటరీ మీద అనుమానం లేదు. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడిపి చూస్తే ప్లగ్గు వైర్ల మీద ఎక్కడా నిప్పురవ్వలు కనిపించలేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో తేమ గానీ పగులు గానీ లేవు. ప్లగ్గులు నల్లగా మసిబారక తెల్లబడి ఉండడం మిశ్రమంలో గాలి ఎక్కువైందన్న అనుమానాన్ని బలపరిచింది.

తరువాత ఎయిర్ క్లీనర్ మూత తీసి, చోక్ నాబును పూర్తిగా లాగి, కార్బురేటర్ నోటిలోకి చూశాము. రేకు పూర్తిగా మూసుకోవలసింది పోయి ఒక పక్క వేలెడంత సందు మిగిలింది. కేబులు పైతొడుగు కార్బురేటర్ దగ్గరి క్లిప్పులోంచి జారిపోవడంతో, లోపల నాబు ఎంత లాగినా కదలికలో కొంత భాగం తొడుగు వంగడానికే ఖర్చవుతోంది. తొడుగును వెనక్కి జరిపి క్లిప్పు బిగించాక రేకు పూర్తిగా మూసుకుంది. మరునాడు ఉదయం స్టార్టయిన బండి ఆగకుండా తిరిగింది. అయితే చోక్ సగం లోపలికి నెట్టగానే మళ్లీ ఆగింది. చాలామంది ఇక్కడే ఆగి, చోక్ లాగి ఉంచే కాలాన్ని పెంచుకుని సర్దుకుంటారు. అలా చేస్తే ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది కనుక నేను ఆ దారి పట్టదలచుకోలేదు.

చోక్ సరిగా ఉన్నా మిశ్రమం ఇంకా పలుచగా (గాలి ఎక్కువగా) ఉందంటే, కార్బురేటర్‌తో సంబంధం లేకుండా మరెక్కడి నుంచో గాలి లోపలికి వస్తున్నట్టే. దీనికి, మానిఫోల్డులో గాలి పీడనం ఎంత తగ్గిందో చూపే వాక్యూమ్ గేజి బాగా పనికొచ్చింది; బయటి గాలి చొరబడితే దాని అంకె పడిపోతుంది. మంచి ఇంజను ఐడ్లింగులో సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది. మా బండి చల్లగా ఉన్నప్పుడు 13 దగ్గర వణుకుతూ, వేడెక్కేకొద్దీ 18కి చేరింది. బ్రేకు బూస్టరుకూ డిస్ట్రిబ్యూటరుకూ వెళ్లే రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి మూసి చూస్తే ముల్లు కదలలేదు. ఆ తరువాత కార్బురేటర్ అడుగున వేడిని ఆపడానికి ఉండే ఇన్సులేటర్ దిమ్మె చుట్టూ క్లీనర్ స్ప్రేను పొదుపుగా కొట్టాము. వెనుక అంచు దగ్గర కొట్టినప్పుడల్లా ఇంజను వేగం పెరిగింది, అంటే అక్కడి సందు స్ప్రేను లోపలికి పీల్చుకుంటోంది. ఆ స్ప్రే మండే పదార్థం. మంటలార్పే సిలిండరు చేతికందేలా లేకుండా ఈ పరీక్ష చేయకూడదు.

కార్బురేటర్ ఊడదీసి అడుగు అంచు మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే, రెండు నట్ల మధ్య భాగం వంగి ఉంది. ఏళ్ల తరబడి నట్లను అతిగా బిగించడం వల్ల అల్యూమినియం అంచు వంగడం పాత బండ్లలో తరచుగా కనిపించేదే. వేడికి లోహం వ్యాకోచించినప్పుడు ఆ సందు చాలావరకు మూసుకుంటోంది, చల్లబడగానే తెరుచుకుంటోంది. పెద్దాయన గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి ఆ అంచును ఓపికగా సమం చేసి, కొత్త ప్యాకింగులు వేసి, నట్లను అటొకటి ఇటొకటిగా కొద్దికొద్దిగా బిగించారు. గేజి చల్లని ఇంజనులోనూ 17 చూపింది. మునుపటి ట్యూనింగుల్లో పెంచిన ఐడ్లింగ్‌ను తిరిగి తగ్గించాము.

పెట్రోలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు. కిలో పెట్రోలు మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు సుమారు 9 కిలోలు చాలు; ఆవిరి కావడానికి ఇథనాల్‌కు కావలసిన వేడి కూడా పెట్రోలు కంటే రెండు రెట్లకు పైనే. మామూలు పెట్రోలుకు సరిపడేలా జెట్లు అమర్చిన 1997 నాటి కార్బురేటర్‌లో ఈ ఇథనాల్ పెట్రోలు పోస్తే, చల్లని ఉదయం ఉన్న లోటు మరికొంత పెరుగుతుంది. లోపం దీనివల్లే వచ్చిందని నేను అనను, కానీ ఇంతకుముందు ఓర్చుకోగలిగిన సందును బండి ఓర్చుకోలేకపోవడంలో దీని పాత్ర ఉందని నా అభిప్రాయం. అందుకే మిశ్రమం స్క్రూను కొద్దిగా తిప్పి పెట్రోలు పాలు పెంచాము.

అలా పెంచినప్పుడు పొగ పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. ఇటువంటి పాత నాలుగు చక్రాల పెట్రోలు బండ్లకు ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడు 3 శాతం మించకూడదు. మా బండికి 2.1 వచ్చింది కాబట్టి స్క్రూను అక్కడే వదిలేశాము. ఇప్పుడు ఉదయం చోక్ పూర్తిగా లాగి స్టార్టు చేసి, వీధి మలుపు దాటేలోగా దాన్ని లోపలికి నెట్టేయగలుగుతున్నాను.